డిస్కు ఒకటే, లెక్కలు రెండు

లినక్స్ వాడేవాళ్లకు డీయూ కమాండు కొత్త కాదు. ఏ ఫైలు డిస్కులో ఎంత చోటు తీసుకుందో చెబుతుంది. సరిగ్గా 10,48,576 బైట్లున్న ఫైలు మీద నడిపితే మామూలుగా 1024 అని చూపిస్తుంది. పోజిక్స్‌లీ కరెక్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టి మళ్లీ నడిపితే 2048 అంటుంది. ఫైలు ఒక్క బైటు కూడా పెరగలేదు. మానికెడు బియ్యం తవ్వతో కొలిస్తే రెండైనట్టు, మొదటిసారి 1024 బైట్ల బ్లాకులతో కొలిచింది, రెండోసారి 512 బైట్ల బ్లాకులతో. డిస్కులో ఖాళీ ఎంతుందో చెప్పే డీఎఫ్ కమాండుదీ ఇదే తీరు.

ఈ తేడా ఒక పాత వాదన నుంచి వచ్చింది. యూనిక్స్ శాఖలుగా చీలిపోయిన రోజుల్లో సిస్టమ్ ఫైవ్ అంతటా 512 లెక్కే నడిచేది. బర్క్‌లీ శాఖలో కొన్నిచోట్ల 512, కొన్నిచోట్ల 1024. అందరికీ ఒకే పద్ధతి ఉండాలని 1992లో తెచ్చిన పోజిక్స్ కమాండ్ల ప్రమాణం 512నే ఖాయం చేసింది. ప్రమాణం రాసిన కమిటీ చెప్పిన కారణం కొట్టిపారేయదగ్గది కాదు. పాత స్క్రిప్టులెన్నో ఆ అంకెను చదివే పనిచేస్తున్నాయి. అంకె మారితే వాటి లెక్క తప్పుతుంది. కిలోబైట్లు కావాలన్నవారికి రాజీగా "-కె" ఆప్షన్ ఇచ్చింది.

లినక్స్‌లో వాడే ఈ కమాండ్లను రాసిన గ్నూ ప్రాజెక్టు పెద్ద రిచర్డ్ స్టాల్‌మన్‌కు ఇది నచ్చలేదు. పోజిక్స్ అన్న పేరు సూచించింది ఆయనే. అయినా, మనుషులు కిలోబైట్లలో ఆలోచిస్తుంటే తెరమీది అంకెను ప్రతిసారీ సగం చేసుకోవడమెందుకన్నది గ్నూ పక్షం వాదన. అందుకే గ్నూ పనిముట్లు మామూలుగా 1024లోనే చెబుతాయి. ప్రమాణం అక్షరాలా కావాలంటే పైన చెప్పిన వేరియబుల్ పెట్టుకోవాలి.

నా మటుకు ఇందులో ఇద్దరి మాటా న్యాయమే. కమాండు రాసిచ్చేదాన్ని మనిషీ చదువుతాడు, స్క్రిప్టూ చదువుతుంది. మనిషి కొత్త రూపానికి రెండు రోజుల్లో అలవాటు పడతాడు. స్క్రిప్టు పడదు.

2001 నాటి పోజిక్స్ ఈ సంగతి మరిచింది. ఆప్షన్లన్నీ ఒకే పద్ధతిలో ఉండాలన్న క్రమశిక్షణ కోసం, మొదటి వరుస ఒక్కటే చూపమనే "హెడ్ -1" వాడుకను తీసేసింది. "హెడ్ -ఎన్ 1" అనే రాయాలంది. గ్నూ పనిముట్లు దాన్ని పాటించగానే, ఏళ్ల తరబడి నడుస్తున్న స్క్రిప్టులు "ఈ ఆప్షన్ పాతబడింది" అన్న ఎర్రర్‌తో ఆగిపోయాయి. చివరికి గ్నూ వెనక్కి తగ్గింది. నేటి హెడ్ రెండు రూపాలనూ ఒప్పుకుంటుంది. ఆ మార్పు అసలు చేయకుండా ఉండాల్సింది.

1992 నాటి ప్రమాణం చేసిన మంచి పని కూడా చెప్పాలి. నెట్‌వర్క్ డిస్కు పేరు పొడుగైతే అప్పటి డీఎఫ్ మిగతా అంకెలను కింది వరుసలోకి తోసేది. నాలుగో గడిలో ఖాళీ చోటు వెతికే స్క్రిప్టుకు అక్కడ ఏమీ దొరికేది కాదు. "-పి" ఆప్షన్ ఇస్తే ఒక్కో ఫైల్ సిస్టమ్‌కు ఒక్కటే వరుస. పాత వాడుకను ముట్టుకోలేదు, కొత్త దారి వేసింది.

మీరు స్క్రిప్టులో డీఎఫ్ రాస్తే "-కె", "-పి" రెండూ తప్పక పెట్టండి. పోజిక్స్ పాటించే ఏ యూనిక్స్ మీద నడిపినా కొలత మారదు, వరుస విరగదు.