మూడేళ్ళ ఊరు, ముంచెత్తిన ఏరు

పిల్లలూ, కొత్త తరగతి మొదలైన రోజు "మీదే ఊరు?" అని అడిగితే మీలో చాలామంది ఒక్క క్షణం ఆగుతారు. పుట్టింది జామ్‌నగర్‌లో, ఒకటో తరగతి చదివింది జోర్హాట్‌లో, అమ్మమ్మగారిది తెనాలి, ఇప్పుడున్నది ఢిల్లీ. ఏది చెప్పాలి? ఆ ఆగడం మాకూ అలవాటే. తెలుగు పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరిన పన్నెండేళ్ళలో మేమూ అయిదు ఊళ్ళు మారాం. అట్టపెట్టెల్ని పారెయ్యకుండా మంచం కింద దాచుకునే ఇళ్ళు మనవి. మూడేళ్ళకు మళ్ళీ వాటితో పని పడుతుంది కదా!

అలా ఉండి వెళ్ళిపోయే ఊళ్ళో వరద వస్తే మనమేం చెయ్యాలి? ఈ ప్రశ్న 2023 జులైలో మన గుమ్మం దాకా వచ్చింది.

అప్పటికి మేము ఢిల్లీ వచ్చి ఏడాది కూడా కాలేదు. జులై 9 ఉదయానికి ఇరవై నాలుగు గంటల్లో ఇక్కడ 153 మిల్లీమీటర్ల వాన పడింది. 1982 తరవాత జులైలో ఒక్కరోజులో అంత వాన లేదు. అయితే యమున పొంగింది ఈ వాన ఒక్కదానివల్లే కాదు. ఎగువ కొండల్లో కురిసిన నీరంతా హర్యానాలోని హథినీకుండ్ బ్యారేజి దగ్గరికి చేరింది. అది నీళ్ళు నిలవ చేసుకునే జలాశయం కాదు, కాలవల్లోకి మళ్ళించే కట్టడం. వరద పెరిగితే కిందికి వదలక తప్పదు. అలా వదిలిన నీరు జులై 11న 3.5 లక్షల క్యూసెక్కులు దాటింది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. ఆ నీరు ఢిల్లీ చేరడానికి దాదాపు రెండు రోజులు పడుతుంది. 13వ తేదీన పాత రైల్వే వంతెన దగ్గర నీటిమట్టం 208.66 మీటర్లకు చేరింది. ప్రమాదస్థాయి 205.33 మీటర్లు. అంతకుముందు అతి పెద్ద వరద 1978లో వచ్చింది, అప్పటి మట్టం 207.49.

ఐటీఓ కూడలి, రాజ్‌ఘాట్, ఎర్రకోట గోడ వెనక దారి, అంతా నీళ్ళే. వజీరాబాద్, చంద్రావల్, ఓఖ్లా నీటిశుద్ధి కేంద్రాలు మునగడంతో వాటిని ఆపేశారు. ఊరంతా వరద, కుళాయిలో చుక్క లేదు. బడులకు సెలవులిచ్చారు.

'ఖాదర్' అనే మాట మేము నేర్చుకున్నది అప్పుడే. నదికీ కరకట్టకీ మధ్య ఉండే పల్లపు నేల అది. మన గోదావరి లంక భూముల్లాంటిది. అక్కడ కూరగాయలు పండించేవాళ్ళూ, పూలమొక్కల నర్సరీలు నడిపేవాళ్ళూ వేలమంది ఉంటారు. వాళ్ళు గేదెల్ని తోలుకుని, మంచాలు నెత్తిన పెట్టుకుని మయూర్ విహార్ వైపు రోడ్ల పక్కకి చేరారు. అక్కడే గుడారాలు వెలిశాయి.

ఇక మా నిర్వాకం చెప్పాలి. కాలనీ వాట్సాప్ బృందంలో "బట్టలు ఇవ్వండి" అని ఒక్క మాట పెట్టాం. రెండు రోజుల్లో పదకొండు గోనెసంచులు నిండాయి. చూస్తే జులై ఉక్కలో ఉన్ని స్వెట్టర్లు, అద్దాలు కుట్టిన పెళ్ళి లెహంగా, జత లేని చెప్పు ఒకటి! సరే, ఎవరికో ఒకరికి పనికొస్తాయని ఆటోలో వేసుకుని వెళ్ళాం. మా అమ్మ వయసున్న ఒకావిడ సంచిలోకి తొంగి చూసి చాలా మర్యాదగా, "బేటా, ఇవి ఎక్కడ పెట్టుకోను?" అంది. ఆవిడకి ఉన్నది ఒక మంచం పట్టేంత జాగా. మరేం కావాలని అడిగాం. బయలుదేరే ముందు అడగాల్సిన మాట అక్కడికి చేరాక అడిగామన్నమాట. దోమల చక్రాలు కావాలంది. మూత ఉన్న బకెట్టు, టార్పాలిన్, గేదెకి మేత. కాస్సేపాగి, మనవరాలి అయిదో తరగతి పుస్తకాలు తడిసిపోయాయని కూడా చెప్పింది. పదకొండు సంచుల్లో తొమ్మిది మాతోనే వెనక్కి వచ్చాయి.

ఈ పొరపాటు మేము ఒక్కళ్ళమే చేసింది కాదు. 2004 సునామీ తరవాత తమిళనాడు తీరానికి దేశమంతటి నుంచీ పాతబట్టలు లారీల్లో వెళ్ళాయి. అక్కడివాళ్ళు కట్టుకోలేనివి రోడ్ల పక్కన గుట్టలుగా పడి తడిసిపోయాయి. వాటిని ఏరి, వేరుచేసి, పనికొచ్చే రూపంలోకి మార్చే పని తలకెత్తుకున్న సంస్థల్లో ఒకటి మన ఢిల్లీదే, దాని పేరు గూంజ్. దాన్ని 1999లో మొదలుపెట్టిన అన్షు గుప్తా గారు 1991లో ఢిల్లీలో చదువుకుంటూ ఉత్తరకాశీ భూకంప ప్రాంతానికి స్వచ్ఛందంగా వెళ్ళారు. 2015లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. ఇచ్చేవాడి బీరువా ఖాళీ కావడం వేరు, పుచ్చుకునేవాడి అవసరం తీరడం వేరు. ఆయన పనంతా ఈ రెంటికీ ఉన్న తేడా మీదే నడిచింది.

పరాయి దేశం వెళ్ళి సాయం చేసేవాళ్ళకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. 2023 ఫిబ్రవరి 6న తుర్కియేలో, సిరియాలో భూకంపాలు వచ్చాయి. మర్నాడే మన పక్కనున్న గాజియాబాద్‌లోని హిండన్ విమానస్థావరం నుంచి జాతీయ విపత్తు స్పందన దళం, అంటే ఎన్‌డీఆర్ఎఫ్, బయలుదేరింది. శిథిలాల కింద మనుషుల్ని వాసన పట్టే కుక్కలూ వెంట వెళ్ళాయి. ఆ దళంలో పనిచేసేవాళ్ళు కేంద్ర సాయుధ బలగాల నుంచి డెప్యుటేషన్ మీద వచ్చినవాళ్ళే, అంటే మీలో కొందరి నాన్నల్లాంటివాళ్ళు, అమ్మల్లాంటివాళ్ళు. వాళ్ళు తమ తిండి, గుడారాలు, పనిముట్లు తామే మోసుకెళ్ళారు. కూలిన ఊళ్ళో మిగిలిన రొట్టెను అతిథి తినకూడదు కదా. ఆ సహాయ కార్యక్రమానికి పెట్టిన పేరు 'ఆపరేషన్ దోస్త్'. తుర్కీ భాషలోనూ దోస్త్ అంటే స్నేహితుడే. హైదరాబాదువాళ్ళు దోస్తు అంటారు చూడండి, ఆ మాటే! తెలుగు పంతుళ్ళం కదా, ఇలాంటివి చెప్పకుండా ఉండలేం.

ఇంకా వెనక్కి వెళ్తే, 1934 జనవరి 15న బిహార్‌నూ నేపాల్‌నూ పెద్ద భూకంపం కుదిపేసింది. స్విట్జర్లాండ్ నుంచి పియేర్ సెరెసోల్ అనే ఇంజినీరు కొద్దిమంది మిత్రులతో వచ్చి, ముజఫర్‌పూర్ ప్రాంతంలో ఊళ్ళు తిరిగి కట్టే పనిలో పార పట్టుకున్నారు. ఒక వారం ఉండి ఫొటోలు దిగి వెళ్ళలేదు. తిరిగి వెళ్ళి, మళ్ళీ వచ్చారు. మయూర్ విహార్ గుడారాల మధ్య సెల్ఫీలు తీసుకుంటున్న కుర్రాళ్ళని చూసినప్పుడు మాకు మన సామెతే గుర్తొచ్చింది: ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట.

మళ్ళీ మన సంగతికి వద్దాం. బడి తెరిచాక మేము తరగతిలో మా సంచుల కథ దాచకుండా చెప్పాం. అందరూ నవ్వారు. తరవాత గువాహటి నుంచి బదిలీ మీద వచ్చిన ఒక అబ్బాయి లేచి, "వరద తగ్గాక బురద తియ్యడానికే ఎక్కువ రోజులు పడుతుందండీ, అప్పుడెవరూ రారు" అన్నాడు. బురదనీళ్ళు చేరిన చేతిపంపు నీళ్ళు మరిగించకుండా తాగకూడదని కూడా చెప్పాడు. విశాఖపట్నంలో హుద్‌హుద్ తుఫాను చూసిన ఇంట్లోంచి వచ్చిన అమ్మాయి, కరెంటు లేని వారమంతా వాళ్ళమ్మ బిందెలు, డ్రమ్ములు ఎలా నింపి పెట్టిందో చెప్పింది. ఆ అమ్మాయికి అప్పుడు ఊహ కూడా సరిగ్గా తెలియదు, ఇంట్లో విని నేర్చుకున్నదే. భుజ్ నుంచి వచ్చిన పిల్లాడు భూమి కదిలితే బల్ల కింద దూరి తల ఎలా కాపాడుకోవాలో చేసి చూపించాడు. ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. ఒక్క ఊళ్ళోనే ఉండిపోయినవాళ్ళకు ఒక్క రకం ప్రమాదమే తెలుస్తుంది. ఈ తరగతిలో నాలుగు రకాలు తెలిసినవాళ్ళున్నారు.

రెండోసారి ఖాళీ చేతులతో, ఒక నోటుపుస్తకంతో వెళ్ళాం. ఏ గుడారంలో ఏ తరగతి పిల్లలున్నారో, ఏ పుస్తకాలు పోయాయో రాసుకున్నాం. మన బడిలో కిందటేడు చదివేసిన పుస్తకాలు బోలెడున్నాయి. అయిదో తరగతివి ఒక పూర్తి కట్ట ఆ పెద్దావిడ మనవరాలికి చేరింది. లెక్కల పుస్తకంలో జవాబులు ముందే పెన్సిల్‌తో రాసి ఉన్నాయని ఆ పిల్ల ఫిర్యాదు చేసింది. చెరిపే రబ్బరు కూడా ఇచ్చాం.

గువాహటి అబ్బాయి మరుసటి మార్చిలోనే వెళ్ళిపోయాడు, ఈసారి చెన్నైకి. చేరిన మొదటి వారంలోనే వాళ్ళ నాన్నగారి ఫోన్ నుంచి కబురు పెట్టాడు. పక్కింటి తాతగారిని 2015 వరదల్లో నీళ్ళు ఎంతదాకా వచ్చాయని అడిగాడట. ఆయన గోడ మీద చెయ్యి పెట్టి చూపించారట, మోకాలికి కాస్త పైన. వీళ్ళ ఇల్లు కింది అంతస్తే. బడి పుస్తకాలు పై అరలోకి మార్చానని రాశాడు.