శిలారోహణలో కష్టానికి కొలమానం

కొండరాతి మీది ఒక దారి ఎంత కష్టమైనదో తెలిపే అంకెను శిలారోహకులు గ్రేడు అంటారు. ఉష్ణోగ్రతకు ఉన్నట్లుగా దీనికి కొలిచే పరికరమేదీ లేదు. ఆ దారిని మొదట ఎక్కినవారు ఒక అంకెను ప్రతిపాదిస్తే, తరువాత ఎక్కినవారు దానిని ఒప్పుకోవడమో సవరించడమో చేస్తారు. ఎక్కేవారి సామర్థ్యం తరతరానికీ పెరుగుతూ రావడం వల్ల, పై హద్దు గీసుకుని పుట్టిన కొలమానాలు ఎంతోకాలం నిలవలేకపోయాయి.

1920లలో జర్మన్ పర్వతారోహకుడు విల్లో వెల్జెన్‌బాక్ రూపొందించిన ఆరు తరగతుల పద్ధతిని 1937లో అమెరికాలోని సియెర్రా క్లబ్ తమ కొండలకు అనువుగా మలచుకుంది. మొదటి తరగతి మామూలు నడక. ఐదో తరగతిలో జారితే ప్రాణానికే ముప్పు కనుక తాడూ, ఆ తాడును పట్టి కాచే తోడు మనిషీ తప్పనిసరి. ఆరో తరగతిలో రాతిలో దిగగొట్టిన మేకుల మీద బరువు మోపి పైకి పోవాలి. నిజమైన శిలారోహణమంతా ఐదో తరగతిలోనే ఇమిడి ఉండడంతో, 1950లలో దక్షిణ కాలిఫోర్నియాలోని టాక్విట్జ్ బండ వద్ద రాయల్ రాబిన్స్, డాన్ విల్సన్, చక్ విల్ట్స్ దానిని 5.0 నుంచి 5.9 వరకు పది మెట్లుగా విడదీశారు. 1960లలో అంతకంటె కష్టమైన దారులు వచ్చినప్పుడు, ఆరో అంకె అప్పటికే మేకుల ఆరోహణకు చెందిపోయింది కాబట్టి, గణితాన్ని పక్కనపెట్టి 5.10 అని రాయవలసి వచ్చింది. 2017లో చెక్ ఆరోహకుడు ఆడమ్ ఓంద్రా నార్వేలో ఎక్కిన 'సైలెన్స్' అనే దారి నేడు ఈ వరుసలో 5.15డి వద్ద ఉంది.

తాడు లేకుండా, దూకితే నేలకు అందే ఎత్తుగల బండరాళ్లను ఎక్కడాన్ని బౌల్డరింగ్ అంటారు. ఇందులో ఒక్కొక్క దారికి ప్రాబ్లమ్ అని పేరు. 1950లలో దీనికి తొలి గ్రేడులు కూర్చిన జాన్ గిల్ జిమ్నాస్టిక్స్ తెలిసినవాడు, గణితశాస్త్రజ్ఞుడు. చేతి చెమటను పీల్చే సుద్దపొడిని శిలారోహణకు పరిచయం చేసినవాడూ ఆయనే. ఆయన కొలమానంలో మెట్లు మూడే. తాడుతో ఎక్కే దారులలో ఆనాటికి అత్యంత కష్టమైన కదలికలతో సమానమైనది బి1, అంతకు మించినది బి2, ఎందరు ప్రయత్నించినా ఒక్కరికి మాత్రమే సాధ్యమైనది బి3. రెండోవారు ఎక్కిన మరుక్షణం బి3 ఆ హోదా కోల్పోయి కిందికి దిగుతుంది. తాడు ఆరోహణ స్థాయి పెరిగినకొద్దీ బి1 అర్థం కూడా పైకి జరుగుతుంది. గ్రేడుల చరిత్రలో ఇంత అందమైన ఆలోచన మరొకటి లేదనే చెప్పాలి. అయితే ఏ ప్రాబ్లమ్‌కూ స్థిరమైన అంకె ఉండదు కనుక, కొత్త చోటికి వెళ్లి తన శక్తికి తగిన రాయిని వెతుక్కునేవారికి అది పెద్దగా అక్కరకు రాలేదు.

ఆ అవసరాన్ని తీర్చినది టెక్సస్‌లోని హ్యూకో ట్యాంక్స్. అక్కడి బండరాళ్లపై జాన్ షెర్మన్ రాసి 1991లో వెలువరించిన మార్గదర్శినితో వి-స్కేల్ ప్రచారంలోకి వచ్చింది. ఆయన ముద్దుపేరు 'వెర్మిన్'లోని తొలి అక్షరమే దానికి గుర్తు. పై హద్దు లేకుండా అంకెలు పెరుగుతూ పోవడమే దాని బలం. అది కదలికల కష్టాన్ని మాత్రమే లెక్కిస్తుంది. రాయి ఎంత ఎత్తు, కింద నేల ఎలాంటిది అన్న అపాయపు సంగతులు అందులో చేరవు. వేళ్ల లావూ, చేతుల పొడవూ, గాలిలోని తేమా ఒకే ప్రాబ్లమ్‌ను ఒకరికి సులువుగానూ మరొకరికి అసాధ్యంగానూ మార్చగలవు. పట్టు దొరికే అంచు విరిగిపడితే పాత అంకె చెల్లకుండానే పోతుంది. అందువల్ల ఒక్కరి మాట మీద నిలిచిన గ్రేడును ఎవరూ ఖాయమైనదిగా ఎంచరు. ఫిన్లాండ్‌లోని 'బర్డెన్ ఆఫ్ డ్రీమ్స్'ను 2016లో నాలె హుక్కతైవల్ ఎక్కి, అప్పటికి ఎవరూ వాడని వి17ను ప్రతిపాదించాడు. ఏళ్ల తరబడి అది రెండో మనిషికి లొంగలేదు. చివరకు బ్రిటన్‌కు చెందిన విల్ బోసి ఆ రాతి పట్లకు నకళ్లు పెట్టుకుని సాధన చేసి, 2023లో అసలు రాయిని ఎక్కి, అదే అంకెను ఖాయపరిచాడు.