సముద్రము నోర్చిన సరకులు

కొరియా యను పేరు గోర్యో రాజ్యనామమునుండి పుట్టినది. క్రీ.శ. 918 మొదలు 1392 వఱకు వెలసిన యా రాజ్యమునకు గేగ్యోంగ్, అనగా నేటి కేసాంగ్, రాజధాని. నగరమునకు పడమట యేసాంగ్ నదీముఖమున బ్యోంగ్నాందో యను రేవుండెను. చీనానుండి సోంగ్ రాజవంశపు నాటి వర్తకులును, జపాను వారును, 1024 మొదలు కొన్ని పర్యాయములు అరబ్బులును ఆ రేవున దిగిరి. 1040లో వచ్చిన అరబ్బులు పాదరసమును సుగంధద్రవ్యములను రాజునకు సమర్పించి, బహుమానముగా బంగారమును పట్టువస్త్రములను గొని మరలిరి.

గోర్యో వర్తకులు వెలికి బంపిన సరకులలో నన్నిటికన్న నామమునకెక్కినది జిన్‌సెంగ్ వేరు. 1123లో సోంగ్ రాయబారుల వెంట నచటికి బోయి, తాను జూచినదెల్ల 40 ప్రకరణముల గ్రంథముగా రచించిన షూ జింగ్ అను నుద్యోగి యీ వేరునుగూర్చి యొక సూక్ష్మమును దెలిపియున్నాడు. పచ్చివేరు తెల్లగానుండును, ఔషధమునకు దాని రుచి సంపూర్ణము. కాని వేసవి వచ్చుసరికి పురుగు పట్టును. నీట నుడికించిన వేరైనచో చిరకాలము నిలుచును. పసుపుకొమ్ములను వండి యెండబోయు మన రైతున కీ మర్మము క్రొత్తగా దోపదు. కొండయడవిలో బుట్టిన వేరును కడలి దాటు సరకుగా జేసినది ఆ యుడుకునీటి కాగే యని నా తలంపు.

కాగితము సంగతియు నట్టిదే. మల్బరీజాతి చెట్టు నారతో జేసిన కాగితమును తడిపి, దొంతరలుగా బేర్చి, కొయ్యసుత్తులతో బలుమారులు మోది నునుపు చేయుదురు. అట్లు దెబ్బలు దిన్న కాగితము మెఱుపును గట్టిదనమును గూడ గాంచి యెంత చక్కగా నుండెడిదనగా, చీనా పండితులలో గొందఱు దానిని పట్టుపురుగు గూళ్ళతో జేసినదిగా భ్రమించిరి. మసిదిమ్మెలు, కుంచెలు, విసనకఱ్ఱలు, పూలచాపలు, నారబట్టలు, ముత్యపుజిప్పలు పొదిగిన లక్కపెట్టెలు దీని వెంట నోడలకెక్కెను.

ఇక సెలడాన్ పాత్రలు! దక్షిణమున గాంగ్జిన్, బువాన్ ఆవములలో, ఇనుము స్వల్పముగా గలిసిన పూతను గాలి చాలని మంటలో గాల్చగా, నీటియడుగున గనబడు నాచువంటి పచ్చదనము పాత్రపై నిలిచెను. గోర్యోవారు ఆ వన్నెను లకుముకిపిట్ట ఱెక్కలతో బోల్చిరని షూ జింగ్ వ్రాసెను. విద్య చీనానుండి నేర్చినదే. కాని పచ్చిమట్టిపై కొంగలను, మబ్బులను జెక్కి, ఆ గాడులను తెల్లని, నల్లని మట్టితో బూడ్చు పనితనమున శిష్యులు గురువులను మించిరి. సోంగ్ కాలపు రచయిత యొకడు లోకమున నుత్తమోత్తమములగు వస్తువులను బేర్కొనుచు గోర్యో పాత్రల వన్నెను అందు జేర్చెను. నింగ్బో, హాంగ్జౌ నగరముల త్రవ్వకములందును గోర్యో పెంకులు దొరకినవి.

తిరుగు ప్రయాణమున పట్టు, తేయాకు, మందులు వచ్చెను, పుస్తకములును వచ్చెను. నా మనస్సును మిక్కిలిగా గదిలించునది యీ పుస్తకముల రాకయే. వానిలోని భూగోళవివరములు గోర్యోద్వారా శత్రువులగు ఖితానుల చేతబడునని భయపడి, మహాకవి సు షి వాని విక్రయమును ఆపవలెనని చక్రవర్తికి విన్నపములు వ్రాసికొనెను. అయినను 1091లో సోంగ్ ఆస్థానమే, తనకడ నశించిన లేక కొఱవడిన 128 గ్రంథముల పట్టికను గోర్యో రాయబారుల చేతికిచ్చి, ప్రతులున్న బంపుడని కోరవలసివచ్చెను. పుట్టినయింట గానరాని పుస్తకములకై చీనావారు పరదేశపు పెట్టెలను వెదకించిరి.

2007లో కొరియా పడమటి తీరమున, తేఆన్ చెంత, ఒక జాలరి పట్టిన చిన్న ఆక్టోపస్ సెలడాన్ పళ్ళెమొకదానిని బట్టుకొని పైకి వచ్చెను. అచట మునుగువారు వెదకగా, గాంగ్జిన్ నుండి రాజధానికి బోవుచు మునిగిన యోడ బయల్పడెను. దాని గర్భమున 20,000కు మించిన పాత్రలు, ఎవరు ఎవరికి బంపినవో తెలుపు కొయ్యచీటీలతో గూడ, తొమ్మిది శతాబ్దుల బురద గడిగినంతనే పచ్చగా దోచినవి.