మెత్తని చీజు: తూకమా, కొలతా?

పాలను విరిచి, గుడ్డలో వడగట్టి ఇంటనే పనీరు చేయు గృహిణులు మన సభ్యుల కుటుంబములయందు పలువురు కలరు. విదేశములందున్న కుమార్తెలు వ్రాసి పంపిన విధానములను చూచి మెత్తని చీజుతో భక్ష్యములు చేయ యత్నించువారును కలరు. వీరందఱికి చిక్కు ఒక్కచోటనే వచ్చుచున్నది. విధానములో “ఒక కప్పు” అని యుండును. అంగడి పొట్లముపై గ్రాములుండును. కప్పునకు గ్రాములెన్ని? దీనికి ఒకే యుత్తరము లేదు.

(బడిపుస్తకములు చీజును జున్ను అనును. మన పల్లెలలో జున్ననగా ఈనిన పశువు తొలిపాలతో వండినది. కావున ఇచట చీజు అనియే వ్రాయుచున్నాము.)

అమెరికా కప్పులో ఇంచుమించు 237 మిల్లీలీటర్లు పట్టును. ఆ కప్పు నిండ క్రీము చీజు నించిన 230 గ్రాములు తూగును. తేటను కాచి తీసిన రికోటా 245 గ్రాములకు తగ్గదు. కాటేజి చీజు సన్నని పలుకులదైన 225, పెద్ద పలుకులదైన 210 గ్రాములు. చిదిపిన ఫెటా 150 గ్రాములు మాత్రమే. కప్పు మారలేదు, పలుకుల నడుమ చేరిన గాలి మారినది.

ఔన్సు అను మాట ఈ చిక్కును మఱింత పెంచుచున్నది. పొట్లముపై 8 ఔన్సులన్నచో అది తూకము, 227 గ్రాములు. కప్పునకు 8 ఔన్సులన్నచో అది ద్రవముల కొలత. క్రీము చీజు విషయమున రెండును దాదాపు కలియుటచే పొరపాటు బయటపడదు. ఫెటా దగ్గఱ బయటపడును: 8 ఔన్సుల ఫెటాకు ఒకటిన్నర కప్పు కావలెను. పూర్వము మన శేరును ఇట్టిదే. ఒకచోట తూకము, వేఱొకచోట కొలత. 1958 అక్టోబరు నుండి మెట్రిక్ పద్ధతి క్రమముగా అమలులోనికి వచ్చుటచే మనకా బాధ తీరినది.

వంటలో ఈ తేడా వలన పిండి జారగును, అంతే. అమ్మకములో చేతి డబ్బే పోవును. పనీరును గిన్నె లెక్కన మిఠాయి దుకాణమునకు ఇచ్చు సోదరీమణులు గమనింపవలెను: కొనువాడు అరచేతితో ఒక్క అదుము అదిమినచో అదే గిన్నెలో మఱికొంత పట్టును, వెల మాత్రము పెరుగదు. తూచియే అమ్ముడు. అయితే తూకమునకును ఒక ధర్మము కలదు. తేట కారుచుండగా తూచిన పనీరులో కొన్నవాడు నీటికి వెల యిచ్చుచున్నాడు. అట్టివాడు మరల రాడు. మూట నుండి బొట్టు పడుట ఆగిన తరువాతనే త్రాసున పెట్టవలెను.

ఇంటి గిన్నెను ఒకసారి పరీక్షించుట సులభము. ఖాళీ గిన్నెను తూచి, అంచువఱకు నీరు పోసి మరల తూచుడు. పెరిగిన గ్రాములెన్నియో గిన్నెలో పట్టు మిల్లీలీటర్లన్నియే. నీరు పాఱబోసి, తుడిచి, చిదిపిన పనీరును అదుమక నింపి తూచుడు. నీరు 250, పనీరు 170 గ్రాములు తూగెననుకొందము. అరకిలో పనీరు కావలసిన వంటకు ఆ గిన్నెతో మూడు గిన్నెలు, కొంచెము తక్కువగా, సరిపోవును. ఆ యంకెను కాగితముపై వ్రాసి గిన్నె అడుగున అంటించుడు. గేదెపాలకు బదులు ఆవుపాలు విరిచిన దినమున మాత్రము మరల తూచవలెను. ఆ పనీరు మెత్తనై గిన్నెలో దట్టముగా కూర్చుండును.