కెపోంగు అడవిలో ఒక దినము

"పంతులుగారూ, మేము తెల్లవారినది మొదలు చెట్ల క్రిందనే కదా బ్రతుకుచున్నాము. పట్టణములో చదువుకొను మా వాడు మరల చెట్లను చూచుటకు రూకలు వ్యయపరచి పోవలెనా?" అని పామాయిలు తోటలో పనిచేయు ఒక తల్లి నన్నడిగెను. ఆమె కుమారుడు కౌలాలంపూరులో వసతిగృహమునందుండి చదువుచున్నాడు. ప్రశ్న న్యాయమైనదే. నాకప్పుడు తగిన ఉత్తరము తోచక, "వచ్చిన పిమ్మట వాడే చెప్పునులే, అమ్మా" అంటిని.

ఒక శనివారము ఉదయముననే ఇరువది ముగ్గురు విద్యార్థులతో బయలుదేరితిమి. పోయినది దూరము కాదు. పట్టణమునకు వాయవ్యమున సుమారు 16 కిలోమీటర్లలో, కెపోంగునొద్ద, మలేసియా అటవీ పరిశోధనాలయము కలదు. జనులు దానిని ఫ్రిమ్ అందురు. రైలు దిగి, బండ్లెక్కి, ద్వారము దాటగానే ఎండ సమసి గాలి చల్లనాయెను. అంతవరకు సెల్‌ఫోనులలో మునిగియున్న పిల్లలు తలలెత్తిరి.

అంత దట్టమైన అడవి అనాదిగా నున్నదనియే మేమందరము తలంచితిమి. మమ్మును నడిపించిన వనపాలకురాలు నవ్వి అసలు సంగతి చెప్పెను. నూరేండ్ల క్రిందట ఈ నేల తగరపు గనుల త్రవ్వకముచేత బోడియై, కొంత కూరగాయల మడులై యుండెనట. పాత అడవిలో మిగిలినవి కొలదిచెట్లు మాత్రమే. 1926లో ఫాక్స్‌వర్తీ అను అమెరికా దేశస్థుడు అటవీ పరిశోధనకై ఈ స్థలమునే ఎన్నుకొనెను. 1929లో పరిశోధనాలయము వెలసెను. ఆ పాడునేలలో మొక్క వెంబడి మొక్క నాటిరి. నేడు 500 హెక్టారులకు మించియున్న ఈ వనమును 2025లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ స్థలముల పట్టీలో చేర్చిరి. ఫాక్స్‌వర్తీ పేరు పుస్తకములలో నున్నది. గుంటలు త్రవ్విన కూలీల పేర్లు నేను చదివినవాటిలో కానరాలేదు.

అప్పుడామె, "మీలో ఎవరైనను చెట్టును నాటితిరా?" అని యడిగెను. పట్టణపు పిల్లలు ఒకరి మొగము నొకరు చూచుకొనిరి. నేను పైన చెప్పిన బాలుడు చేయి సగమెత్తి మరల దించుకొనెను. తాను తోటలోనుండి వచ్చినవాడనని వాడు వసతిగృహములో ఎవరికిని చెప్పలేదని నేనెరుగుదును. ఆమె అది కనిపెట్టి వానిని ముందుకు పిలిచెను. "సెలవులలో మా అమ్మతోకూడ పామాయిలు మొక్కలు నాటితిని" అని వాడు మెల్లగా చెప్పెను. ఎట్లు నాటుదురని ఆమె మరల అడిగెను. వేళ్ల చుట్టునున్న మట్టిగడ్డ చెదరకుండ సంచిని కోయవలెననియు, మొక్క మొదలు నేలకు సమముగా నుండవలెననియు, పైమన్ను ముందుగా వేసి కాలితో అదుమవలెననియు వాడు చేతులతో చూపెను. క్రమక్రమముగా వాని కంఠము గట్టిపడెను. తక్కినవారు ప్రశ్నలు వేయసాగిరి. ఆ దినమున నేను చూచినవాటిలో నాకు మిక్కిలి నచ్చినది ఇదియే.

పిదప కాపూరు చెట్ల తోపునకు పోయితిమి. స్తంభములవంటి మ్రాకులు. ఆ క్రింద నిలిచి పైకి చూచితిమి గదా, ఒక చెట్టు కొమ్మ మరియొక చెట్టు కొమ్మను తాకుటలేదు. నడుమ ఆకాశము సన్నని కాలువలవలె పారుచున్నది. గాలికి రాసికొని చిగుళ్లు రాలుటచేత ఇట్లగునని కొందరందురు. ఇక్కడి చెట్లను పరిశీలించిన ఫ్రాన్సిస్ ఎంగ్ అను శాస్త్రజ్ఞుడు 1977లో, రాపిడి గుర్తులు కానరాలేదనియు, చిగుళ్లు పొరుగు చెట్టు నీడను గ్రహించి ఆగిపోవుచున్నవేమో యనియు వ్రాసెను.

ఈ చెట్టు మనవారికి క్రొత్తది కాదు. మన పూర్వులు ఎరిగిన పచ్చకర్పూరము దీని మ్రాను చీలికలలో గడ్డకట్టునదే. అన్ని మ్రాకులలో నది దొరకదు. నరికి చీల్చినగాని తెలియదు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున వేయించిన శాసనములో కర్పూరముపై సుంకము చెప్పబడినది. మనము కూలికై ఓడ యెక్కి ఈ దేశమునకు రాకముందే ఈ ప్రాంతపు సరకు మన తీరమునకు వచ్చుచుండెనన్నమాట. పిల్లలు రాలిన ఆకులను నలిపి వాసన చూచిరి.

నేలపై అయిదు రెక్కల కాయలు పడియుండెను. అవి గిరగిర తిరుగుచు రాలును. బాలుడు అనుమతి యడిగి తొమ్మిదింటిని కాగితములో చుట్టుకొనెను. ఇవి మన వడ్లవలె దాచుకొను విత్తనములు కావు, ఎండినచో చచ్చును, కొలది దినములలోనే నాటవలెనని వనపాలకురాలు హెచ్చరించెను. కావున వాడు మరునాడే బస్సెక్కి యింటికి పోయెను.

మొన్న నేను వారి లైనుకు పోయినప్పుడు ఆ తల్లి పెరటిలోని నాలుగు సంచులను నాకు చూపెను. నాలుగింటను మొలకలున్నవి. "ఇవి ఎన్నేండ్లకు కాపునకు వచ్చును, పంతులుగారూ?" అని యడిగి, నేను చెప్పకమునుపే, "వాడు చెప్పినాడులెండి. మా పామాయిలు చెట్లను ఇరువదియైదేండ్లకు కొట్టివేయుదురు, ఇవి అప్పటికింకను పిల్లలేనట" అనెను.

పెరటి నేల తోటవారిది. మరల నాటు వేళ దేనిని ఉంచుదురో, దేనిని తీయుదురో మన చేతిలో లేదు. పాఠశాల వెనుక కాలువగట్టున నాలుగు గుంటలకు చోటిమ్మని వారినడుగ నున్నాము.