బ్రిక్స్టను పేట ఛాయాచిత్రకారులు

లండను మహానగరమున థేమ్సు నదికి దక్షిణముగా బ్రిక్స్టను అను పేట కలదు. 1948 నుండి కరీబియను దీవులవారు పలువురు వచ్చి అచ్చట కాపురములు పెట్టిరి. 1981 ఏప్రిలులో పోలీసులకును నల్లజాతి యువకులకును జరిగిన ఘర్షణలతో ఆ పేరు లోకమున కెక్కెను. నాటి పత్రికలలో నల్లవాని ముఖము అగపడినచో రాయి విసరువానిగనో, బేడీలు పడినవానిగనో అగపడెడిది. ఆ జనములో పురుషుని వలచిన పురుషులును, స్త్రీని వలచిన స్త్రీలును ఉండిరను మాట ఎవరికిని పట్టలేదు. 1974లో రైల్టను రోడ్డున స్వలింగ ప్రేమికులకై వెలసిన కేంద్రములో సైతము చేరినవారు పెక్కురు తెల్లవారే.

రోతిమి ఫానీ-కయోడే అమెరికాలో చదువు ముగించి 1983లో ఈ పేటకు చేరెను. పుట్టినది 1955లో, లాగోసులో, యొరుబా జాతివాడు. ఇఫే నగరమున దేవతాలయమును పరంపరగా కాపాడిన వంశము వారిది. 1966లో నైజీరియా కల్లోలములకు ఆ కుటుంబము ఇంగ్లండునకు తరలెను. వలపు విషయమున, దేశసంస్కృతుల ఎడబాటున, తలిదండ్రులు కోరిన గృహస్థు కాకపోవుటలో, ఇట్లు మూడు విధముల తాను వెలివాడనని అతడు 1988లో ఒక వ్యాసమున వ్రాసికొనెను. అట్టివానికి పోగొట్టుకొనుటకు మిగిలినది స్వల్పమని అతని భావము.

అతని చిత్రములలో నల్లని పురుషదేహములు, యొరుబా ముసుగులు, పూలు, ఈకలు కలవు. పూజారి దేవతను ఆవాహన చేసి ఒడలు మరచు స్థితిని, మన పూనకమునకు జ్ఞాతి యనదగిన దానిని, అతడు కెమెరాతో పట్టజూచెను. ఒక చిత్రము పేరు ‘అబికు’. పుట్టి, గిట్టి, మరల ఆ తల్లి కడుపుననే పుట్టు బిడ్డను యొరుబా భాషలో అట్లందురు. బిడ్డలు దక్కని ఇంట పుట్టినవానికి పెంటయ్య అని పేరిడు తెలుగువారికి ఈ మాట విడమరచి చెప్ప పనిలేదు.

స్థానిక సంస్థలు స్వలింగ ప్రేమను ప్రోత్సహింపరాదను శాసనము 1988లో వచ్చి, ఇంగ్లండున 2003 వరకు నిలిచెను. ఆ 1988లోనే బ్రిక్స్టనులో నల్లజాతి ఛాయాచిత్రకారుల సంఘము ‘ఆటోగ్రాఫ్’ పుట్టెను. ఫానీ-కయోడే మొదటి అధ్యక్షుడు. ఢిల్లీలో పుట్టిన సునీల్ గుప్తా స్థాపకులలో నొకడు. ‘నల్ల’ యను మాట నాటి ఇంగ్లండు ఉద్యమములలో ఆసియావారినిగూడ కలుపుకొనెడిది. ఒంటరి కళాకారునికి తెరువని తలుపు సంఘమునకు తెరువవచ్చునని వారి ఆశ.

అధ్యక్షుడు ఎక్కువ కాలము బ్రతుకలేదు. ఎయిడ్సు సంబంధమైన వ్యాధితో బాధపడుచు, 1989 డిసెంబరు 21న, 34వ యేట గుండె ఆగి మరణించెను. సహచరుడును, చిత్రరచనలో తోడును అయిన అలెక్స్ హర్స్టు 1992లో పోయెను. మిగిలినది ఆరేండ్ల పని.

ఆ దినములలో అట్లు పోయినవారు ఎందరో. చిత్రకారుని బొమ్మలను దాచువారుందురు. పేరులేనివాని ఉత్తరములను, ఫొటోలను ఎవరు దాతురు? సిగ్గుపడిన ఇల్లు వానిని చింపివేయును. అందుచేతనే, బ్రిక్స్టనులో స్థిరపడిన ఛాయాచిత్రకారుడు అజాము చేసిన పని నా కంటికి అతని చిత్రములకంటెను పెద్దది. అతడును, చిత్రదర్శకుడు టోఫర్ కాంప్‌బెల్లును 2005లో ‘రూకస్’ అను సంఘము స్థాపించి, తమవారి ఫొటోలను, కరపత్రములను, సభల కాగితములను, నృత్యశాలల ప్రకటనలను ప్రోగుచేసిరి. 2010లో వానిని లండను నగర దస్తావేజుశాలకు అప్పగించిరి. శతాబ్దముల నాటి నగరపాలన పత్రముల సరసనే, ఒక రాత్రి నృత్యమునకు పిలిచిన చీటీలును నేడచ్చట భద్రముగా నున్నవి.