తోట కొట్టమునకు పునాది దిమ్మెలు

బొల్లారం చుట్టుపట్ల తోటలలో పనిముట్లు, విత్తనములు దాచుకొనుటకు రైతులు కర్రకొట్టమును స్వయముగా కట్టుకొనవచ్చును. కర్ర ఎంత మంచిదైనను నేలనంటి ఉన్నచో తేమ, చెదలు దానిని నిలువనీయవు. కావున ముందుగా తగిన దిమ్మెలను ఎంచుకొనవలెను.

ఈ ప్రాంతపు గ్రానైటు రాయి నీటిని దాదాపు పీల్చదు. అన్నిటికంటె అదే మేలు. అడుగు, పైభాగము చదునుగా చెక్కిన రాళ్ళనే తీసుకొనవలెను. రాయి దొరకనిచో గట్టి కాంక్రీటు దిమ్మెలు వాడవచ్చును. బోలు దిమ్మెలు పనికిరావు. వాటి లోపలి నుండి చెదలు కంటపడకుండ పైకెక్కును. ఇటుకలను ఒకదానితో నొకటి తట్టినచో ఖంగుమనవలెను. 3 కిలోల ఎండు ఇటుకను 24 గంటలు నీట నానవేసి తూచినచో 3.6 కిలోలకు మించరాదు.

ఎర్రచల్కలో మెత్తని మట్టి తీసివేసి, మొరము తగులువరకు త్రవ్విన చాలును. నల్లరేగడి వానకు ఉబ్బి, వేసవిలో బీటలు వారును. అక్కడ గుంట ఆ బీటల లోతును దాటవలెను. లేనిచో దిమ్మెలు కదలి, తలుపులు బిగుసుకొని, కప్పు కురియును.

దిమ్మెల తలలన్నియు నీటి గొట్టముతో మట్టము చూచి సరిచేయవలెను. కర్ర నేలకు కనీసము అడుగు ఎత్తున ఉండవలెను. దిమ్మెపై రేకు పరచి, దాని అంచులు 2 అంగుళములు వెలుపలికి వచ్చి క్రిందికి వంగునట్లు చూడవలెను. అప్పుడు తేమ ఎక్కదు. చెదలు కట్టు మట్టిబాటలు రేకు అంచున బయటపడును. వారమునకొకసారి వంగి చూచినచో కొట్టము, అందలి విత్తనములు రెండును దక్కును.